కుక్కకు ఆపరేషన్, మెడకు గొలుసు: మీ ఊరి చట్టం తెలుసుకుని పాటించడం ఎలా

అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో కుక్కకైనా పిల్లికైనా 4 నెలలు నిండేసరికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. 2008లో వచ్చిన నగర చట్టం అది. అదే కుక్కను తీసుకుని నార్వే వెళ్లారనుకోండి, వ్యవహారం పూర్తిగా తిరగబడుతుంది. తగిన కారణం లేకుండా జంతువు ఒంట్లోంచి ఏ భాగాన్నీ తీయకూడదని అక్కడి జంతు సంక్షేమ చట్టం అంటుంది. ఆపరేషన్ ఎందుకు అవసరమో మీరే చెప్పుకోవాలి. కట్టేసే విషయంలోనూ ఇంతే తేడా. ఆస్ట్రియాలో కుక్కను కాసేపు కూడా గొలుసుతో కట్టి ఉంచకూడదు. అమెరికా రాష్ట్రం పెన్సిల్వేనియాలో రోజుకు 9 గంటల వరకు, కొన్ని షరతులతో, కట్టవచ్చు.

అందుకని తెలిసినవాళ్లు చెప్పిన మాటో, ఇంటర్నెట్‌లో కనిపించిన ఒక్క లైనో పట్టుకుని నిర్ణయానికి రావద్దు. చట్టంలో మొదటి వాక్యం అందరూ చదువుతారు. ఇబ్బందిలో పడేసేవీ, ఇబ్బంది నుంచి గట్టెక్కించేవీ మాత్రం దాని కింద ఉండే నిర్వచనాలు, మినహాయింపులే. వీలైతే కుక్కపిల్లనో పిల్లికూననో ఇంటికి తెచ్చుకోకముందే ఈ పని చేయండి. గడువులు వయసును బట్టి ఉంటాయి కాబట్టి తెచ్చుకున్న రోజే సగం గడువు అయిపోయి ఉండవచ్చు.

1. మీకు వర్తించే చట్టం ఎక్కడుందో వెతకండి

సాధారణంగా మూడు అంచెలుంటాయి: దేశం, రాష్ట్రం, నగరం లేదా పంచాయతీ. భారతదేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. ఆస్ట్రేలియాలో ఆపరేషన్ సంగతి రాష్ట్రాలు చూసుకుంటాయి. అమెరికాలో రాష్ట్రం ఒకటి చెబితే, నగరం దానికి ఇంకొంత జోడిస్తుంది. రెండు అంచెల్లోనూ నియమం ఉంటే కఠినంగా ఉన్నదాన్నే పాటించండి, ఏ పేచీ ఉండదు. అద్దె ఇల్లయితే అద్దె ఒప్పందం, అపార్ట్‌మెంట్ అయితే సొసైటీ నిబంధనలు కూడా చూడాలి. అవి చట్టం కావు గానీ రోజువారీ గొడవలన్నీ అక్కడినుంచే మొదలవుతాయి.

వెతికేటప్పుడు ఒకే మాటతో వెతికితే దొరకకపోవచ్చు. ఆస్ట్రేలియా చట్టాల్లో ఈ ఆపరేషన్‌ను డీసెక్సింగ్ అంటారు, బ్రిటన్‌లో న్యూటరింగ్ అంటారు, అమెరికాలో స్పే, న్యూటర్, లైసెన్సు ఫారాల మీదైతే ఆల్టర్డ్ అని కూడా కనిపిస్తుంది. కట్టేయడానికి టెథరింగ్, రిస్ట్రెయింట్, కన్ఫైన్‌మెంట్ అన్న మాటలతో చూడండి. అయినా దొరకలేదంటే చట్టమే లేదని కాదు. భారత చట్టంలో కట్టేయడానికి ప్రత్యేక అధ్యాయం లేదు, హింస అంటే ఏమిటో చెప్పే 11వ సెక్షన్‌లోనే ఆ మాట ఉంది. ఆపరేషన్ నియమం లైసెన్సు ఫీజుల పట్టికలో దాగి ఉండటం కూడా మామూలే. కాలిఫోర్నియాలో ఆపరేషన్ చేయించిన కుక్కకు లైసెన్సు ఫీజు మిగతావాటి ఫీజులో సగానికి మించకూడదు. అంటే చేయించకపోతే కనీసం రెట్టింపు కట్టాలి. దాన్ని ఎవరూ శిక్ష అని రాయరు, పని మాత్రం అదే చేస్తుంది.

దొరికిన పేజీ ఏ సంవత్సరానిదో తప్పక చూడండి. భారతదేశంలో 2001 నాటి కుక్కల జనన నియంత్రణ నియమాల స్థానంలో 2023 మార్చిలో కొత్త నియమాలు వచ్చాయి. పాత నియమాలను చూపించే పేజీ ఎంత బాగా రాసి ఉన్నా దాన్ని పక్కన పెట్టేయండి.

తర్వాత నగరపాలక సంస్థలో జంతువుల వ్యవహారాలు చూసే విభాగానికి ఫోన్ చేయండి. ఫోన్‌లో చెప్పింది విని ఊరుకోకుండా, అదే ప్రశ్న ఈమెయిల్‌లో కూడా పంపండి. రేపు నోటీసు వస్తే చూపించడానికి మీ దగ్గర రాతపూర్వకంగా ఏదో ఒకటి ఉండాలి.

2. పెన్ను పట్టుకుని చదవండి

ఏ జంతువుకు, ఏ వయసుకు, ఎవరికి మినహాయింపు, రుజువుగా ఏ కాగితం కావాలి: చదువుతూ ఈ నాలుగింటి కింద గీతలు గీయండి.

కుక్కకు లేని నియమం పిల్లికి ఉండవచ్చు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2011 నాటి పిల్లుల చట్టం ప్రకారం 6 నెలలు నిండిన పిల్లికి ఆపరేషన్, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే, గుర్తింపు నంబరున్న చిన్న చిప్), రిజిస్ట్రేషన్ మూడూ ఉండాలి. ఆస్ట్రియాలో బయట తిరిగే పిల్లికి ఆపరేషన్ తప్పనిసరి, రిజిస్టర్ చేయించుకున్న బ్రీడర్లకు, అంటే పిల్లలు పుట్టించడం కోసం పెంచేవాళ్లకు మాత్రం సడలింపు ఉంటుంది. జర్మనీలో పాడర్‌బోర్న్ పట్టణం 2008లో బయట తిరిగే పిల్లుల యజమానులకు ఇలాంటి నియమమే పెట్టింది. తర్వాత చాలా పట్టణాలు దాన్నే అనుసరించాయి. పక్క పట్టణంలో లేని నియమం మీ పట్టణంలో ఉండటం అక్కడ వింతేమీ కాదు.

పుట్టిన తేదీని బట్టి మారే నియమాలూ ఉన్నాయి. దక్షిణ ఆస్ట్రేలియాలో 2018 జులై 1 తర్వాత పుట్టిన కుక్కలకు, పిల్లులకు 6 నెలల్లోగా ఆపరేషన్ చేయించాలి. అంతకుముందు పుట్టిన ముసలి కుక్కకు ఆ నియమం అంటదు.

మినహాయింపుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవి: లైసెన్సు ఉన్న బ్రీడర్ల జంతువులు, పోలీసు కుక్కలు, చూపులేనివారికి తోడుండే కుక్కలు, పోటీల్లో పాల్గొనే కుక్కలు, మత్తు ఇస్తే ప్రాణాపాయం ఉందని డాక్టరు రాసిచ్చినవి. చివరిదాని సంగతి కింద వివరంగా చెబుతాను.

నిర్వచనం కూడా చూడాలి. కొన్ని చట్టాలు పిల్లలు పుట్టే శక్తి శాశ్వతంగా పోతే చాలంటాయి. కొన్ని అండాశయాలో వృషణాలో తీసేయాలని స్పష్టంగా చెబుతాయి. ఈ మధ్య కొందరు హార్మోన్లు పోకుండా గర్భసంచి మాత్రమే తీయించడం, మగ కుక్కకు వృషణాలు తీయకుండా వీర్యనాళాలు మాత్రం కత్తిరించే వేసెక్టమీ చేయించడం అడుగుతున్నారు. అడగడంలో తప్పు లేదు, ముందు మీ చట్టం దాన్ని లెక్కలోకి తీసుకుంటుందో లేదో చూసుకోండి. మగ కుక్కకు చర్మం కింద పెట్టే డెస్లోరెలిన్ అనే హార్మోన్ మందు ఇంప్లాంట్ ప్రభావం రకాన్ని బట్టి సుమారు 6 నెలలో, 12 నెలలో ఉంటుంది. తాత్కాలికమైనది కాబట్టి శాశ్వత స్టెరిలైజేషన్ అడిగే చోట అది చెల్లదు.

జరిమానా చూసి చట్టాన్ని తేలిగ్గా తీసుకోకండి. భారత చట్టంలో హింస నేరానికి మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. 1960 నాటి అంకె అలాగే ఉండిపోయింది. అది చూసి నవ్వొస్తుంది గానీ కేసు కేసే, స్టేషన్ చుట్టూ తిరగడం తిరగడమే. మూడేళ్లలోపు రెండోసారి అదే పని చేస్తే 3 నెలల వరకు జైలు కూడా ఉంది.

3. ఆపరేషన్: డాక్టరు మాట, చట్టం గడువు కలవకపోతే

పిల్లి విషయంలో పెద్దగా చిక్కు లేదు. ఆడపిల్లి 4 నెలలకే ఎదకు రావచ్చు, రెండు నెలల్లో పిల్లలు పెట్టేస్తుంది. అందుకే పశువైద్యులు 5 నెలలు నిండకముందే చేయించమంటారు. చట్టం గడువులు కూడా దాదాపు అక్కడే ఉంటాయి.

చిక్కల్లా పెద్ద జాతి కుక్కలతో. ఎదిగాక 20 కిలోలు దాటని కుక్కలకు 5, 6 నెలల వయసులో చేయించవచ్చని, అంతకంటే పెద్ద కుక్కలకు ఎముకల ఎదుగుదల ఆగేదాకా, అంటే మగవాటికి 9 నుంచి 15 నెలల మధ్య చేయించడం మేలని అమెరికా జంతు ఆసుపత్రుల సంఘం సూచిస్తుంది. పెద్ద జాతుల్లో మరీ చిన్న వయసులో హార్మోన్లు పోతే కీళ్ల సమస్యలు పెరగవచ్చన్నది దీని వెనక ఉన్న కారణం. మరి చట్టం 4 నెలలకే చేయించమంటే?

ఇక్కడ చాలామంది చేసే పని ఏమీ చేయకుండా ఊరుకోవడం. అది తప్పు దారి. గడువు దాటకముందే డాక్టరు దగ్గరకు వెళ్లి లేఖ రాయించుకోండి. అందులో కుక్క జాతి, వయసు, బరువు, మైక్రోచిప్ నంబరు, ఆపరేషన్ ఎందుకు వాయిదా వేయాలి, ఎప్పుడు చేయవచ్చు అన్నవి ఉండాలి. లేఖను కార్యాలయంలో ఇచ్చి అందినట్టు రసీదు తీసుకోండి. జాతిని బట్టి వాయిదా ఒప్పుకుంటారా, ఆరోగ్య సమస్య ఉంటేనే ఒప్పుకుంటారా అన్నది మీ చట్టంలోని మినహాయింపు వాక్యాన్ని బట్టి ఉంటుంది. ఒప్పుకోకపోతే ఆ మాట కూడా రాతలో ఇమ్మనండి, అప్పుడు డాక్టరుతో మళ్లీ కూర్చుని నిర్ణయించుకోవచ్చు.

షెల్టర్ నుంచి తెచ్చుకున్న జంతువుకు ఇప్పటికే అయిపోయిందేమో చూడండి. చెవి కొన కత్తిరించి ఉండటం, చెవి అంచున చిన్న గాటు ఉండటం, పొట్ట మీద సన్నని పచ్చబొట్టు గీత ఉండటం ఆపరేషన్ అయిన గుర్తులు. కాగితాలు లేని ఆడకుక్కకు అండాశయాలు ఉన్నాయో లేవో రక్త పరీక్షతో తేల్చవచ్చు. అనవసరంగా పొట్ట కోయించకండి.

తేదీ ఖాయమయ్యాక టీకాలు పూర్తయ్యాయా, వయసు మీరిన జంతువైతే రక్త పరీక్ష కావాలా అని అడగండి. ముందు రాత్రి నుంచి తిండి పెట్టవద్దంటారు. అది పెద్ద జంతువుల లెక్క. చిన్న కూనలను అంతసేపు ఆకలితో ఉంచితే రక్తంలో చక్కెర పడిపోతుంది, వాటికి ఎన్ని గంటల ముందు ఆపాలో విడిగా అడగాలి. నొప్పి తగ్గించే మందు ఇంటికి ఇస్తారా అని కూడా అడగండి. మనుషుల నొప్పి మాత్రలు వేయొద్దు. పారాసెటమాల్ పిల్లికి విషం.

ఇంటికొచ్చాక 10 నుంచి 14 రోజులు కుట్లు నాకకుండా మెడకు ప్లాస్టిక్ గరాటా ఉండాల్సిందే. జాలిపడి తీసేస్తే పది నిమిషాల్లో కుట్లు నాకి ఊడదీసుకుంటుంది. స్నానం వద్దు, దూకుళ్లు వద్దు. మగ కుక్కకు ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే భయం లేదనుకోకండి. లోపల మిగిలిన వీర్యకణాల వల్ల కొన్ని వారాల పాటు పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది, ఆడవాటికి దూరంగా ఉంచండి. ఆపరేషన్ తర్వాత ఒంటికి కావలసిన శక్తి తగ్గుతుంది కాబట్టి తిండి కూడా కొంచెం తగ్గించాలి. ఆపరేషన్ వల్ల లావెక్కింది అనేవాళ్లు గిన్నె కొలత మార్చి ఉండరు.

సర్టిఫికెట్‌లో మైక్రోచిప్ నంబరు వేయించుకోవడం మరవకండి. నంబరు లేని కాగితం ఏ నల్ల కుక్కదైనా కావచ్చు. ఆ కాగితంతో లైసెన్సు, మైక్రోచిప్ రికార్డు రెండూ మార్పించండి. లైసెన్సు ఫీజు తగ్గేదీ అప్పుడే.

4. కట్టేయాల్సి వస్తే

కట్టకుండా ఉండే దారి ఉంటే అదే మొదటి ఎంపిక: కంచె ఉన్న ఆవరణ, ఇంట్లో చిన్న గేటు పెట్టిన గది, మీరు పక్కనే ఉండి పట్టుకునే పొడవాటి తాడు. 1994లో అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన ఒక అధ్యయనంలో, మనుషులను కరిచిన కుక్కల్లో ఆవరణలో గొలుసుతో కట్టి ఉంచేవి, ఆపరేషన్ కానివి మిగతా కుక్కలతో పోలిస్తే ఎక్కువగా కనిపించాయి. గొలుసే కరిపించిందని దానర్థం కాదు, కోపిష్టి కుక్కనే జనం కట్టేసి ఉండవచ్చు. అయినా కట్టేస్తే భద్రం అనే నమ్మకానికి అక్కడ బలం దొరకదు.

తప్పదనుకుంటే ముందు పొడవు కొలవండి. టెక్సాస్‌లో 2022 జనవరి 18 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, మనుషులు లేనప్పుడు బయట కట్టే తాడు కుక్క పొడవుకు 5 రెట్లు లేదా 10 అడుగులు, వీటిలో ఏది ఎక్కువైతే అంత ఉండాలి. పొడవు అంటే ముక్కు కొన నుంచి తోక మొదలు దాకా. 80 సెంటీమీటర్ల కుక్కకు 4 మీటర్లు అవుతుంది. 40 సెంటీమీటర్ల కుక్కకు 5 రెట్లంటే 2 మీటర్లే, కానీ 10 అడుగుల నియమం వల్ల 3 మీటర్ల పైన ఉండాలి. అక్కడ ఇనుప గొలుసు అసలు వాడకూడదు, తాడుకు బరువులు కట్టకూడదు, నీడ, గూడు, శుభ్రమైన నీళ్లు అందుబాటులో ఉండాలి. మీ చట్టంలో అంకెలు లేకపోతే నా సలహా, ఈ లెక్కనే వాడుకోండి.

కాలిఫోర్నియాలో చెట్టుకో కంచెకో కుక్కను కట్టేసి వదిలేయకూడదు. ఏదైనా పని పూర్తయ్యేదాకా తాత్కాలికంగా, 24 గంటల్లో 3 గంటలకు మించకుండా కట్టవచ్చు. రెండు స్తంభాల మధ్య తీగ లాగి, దాని మీద జారే కప్పీకి తాడు కడితే ఒప్పుకుంటారు, ఉరి బిగుసుకునే మెడపట్టీకి తగిలిస్తే మాత్రం ఒప్పుకోరు. పెన్సిల్వేనియాలో వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. 90 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దాటినా, గడ్డకట్టే చలి ఉన్నా 30 నిమిషాలే.

భారత చట్టంలో అంకెలు లేవు. మరీ పొట్టిదైన లేదా మరీ బరువైన గొలుసుతో, తాడుతో అసమంజసమైన సేపు కట్టి ఉంచడం నేరమని ఉంది. ఎప్పుడూ కట్టేసో, ఇరుకులో బంధించో ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం విడిగా ఇంకో నేరం. రెండోది చాలామందికి తెలియదు. గొలుసు ఎంత తేలికైనదైనా, రోజంతా గేటు దగ్గర కట్టి వీధిలోకి తీసుకెళ్లకపోతే మీరు దాని కిందికి వస్తారు.

తాడు ఎక్కడ కడుతున్నారో చూడండి. గోడ అంచు, మెట్లు, ఎక్కగలిగేంత కంచె పక్కన వద్దు. అటువైపు దూకితే మెడకు ఉరి పడుతుంది. తాడు రెండు కొనలకూ గుండ్రంగా తిరిగే కొక్కెం ఉంటే మెలి పడదు. మెడకు కాకుండా ఛాతీకి వేసే హార్నెస్‌కు కట్టడం మంచిది. మెడపట్టీ అయితే కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. ఎదిగే కుక్కపిల్లకు దాన్ని వారం వారం చూడాలి, పట్టీ చర్మంలోకి దిగిపోయిన కేసులన్నీ చూడక జరిగినవే. ముళ్ల పట్టీలను శిక్షణలో వాడటాన్ని జర్మనీ 2022 నుంచి నిషేధించింది. కరెంటు షాకిచ్చే పట్టీలను వేల్స్ 2010లోనే నిషేధించింది. నిషేధం లేని చోట కూడా వీటిని కొనడానికి నాకు ఒక్క కారణం కనిపించదు.

నీడ కదులుతుంది. పొద్దున కట్టినప్పుడు చల్లగా ఉన్న చోటు మధ్యాహ్నం రెండింటికి ఎండలో ఉంటుంది, ఆ వేళకు వెళ్లి మీరే నిలబడి చూడండి. నీళ్ల గిన్నె తాడు తగిలి బోర్లా పడకుండా బరువైనది పెట్టండి.

మూతికి చిక్కం వేయాల్సి వస్తే బుట్టలా ఉండేదే వాడండి. కుక్క ఒంటి వేడి పోవాలంటే నాలుక చాపి వగర్చాలి. మూతిని బిగించే గుడ్డ చిక్కం డాక్టరు దగ్గర రెండు నిమిషాలకే, నడకకు పనికిరాదు. పిల్లిని ఒంటరిగా కట్టి వదలనే వద్దు. ప్రయాణానికి పెట్టె, మందు వేయడానికి తువ్వాలు చుట్టడం చాలు. మెడ వెనక చర్మం పట్టి ఎత్తడం పెద్ద పిల్లికి భయమూ నొప్పీ.

కారుకూ నియమాలున్నాయి. బ్రిటన్ హైవే కోడ్ 57వ నియమం బండిలో కుక్క డ్రైవరుకు అడ్డు రాకుండా, హఠాత్తుగా బ్రేకు వేస్తే దెబ్బ తగలకుండా కట్టుదిట్టం చేయమంటుంది. కాలిఫోర్నియాలో పికప్ ట్రక్కు వెనక కుక్కను తీసుకెళితే బోనులోనో, రెండు వైపులా కట్టో ఉంచాలి.

5. నోటీసు వస్తే, పక్కింటి కుక్క కట్టేసి ఉంటే

నోటీసు రాగానే టెన్షన్ పడి కుక్కను చుట్టాలింటికి పంపేయకండి. అందులో ఏ సెక్షన్ రాశారు, సరిదిద్దుకోవడానికి ఎన్ని రోజులిచ్చారు చూడండి. చాలాచోట్ల మొదటిసారి గడువు ఇస్తారు. ఆపరేషన్ అపాయింట్‌మెంట్ కాగితం, కొత్త తాడు ఫొటో, డాక్టరు లేఖ జతచేసి గడువులోపు రాతలో జవాబివ్వండి.

పక్కింట్లో కుక్క రోజంతా గొలుసుకు ఉంటే ముందు మాట్లాడి చూడండి. చాలాసార్లు వాళ్లకు తాడు పొడవు గురించి ఒక నియమం ఉందనే తెలియదు, ఓ పాత జారుడు తీగ ఇచ్చి సాయం చేస్తే పని అయిపోతుంది. మాట వినకపోతే మీ స్థలంలోనో వీధిలోనో నిలబడి, తేదీ, సమయం కనిపించేలా ఫొటోలు తీయండి, వేర్వేరు రోజుల్లో. గోడ దూకి లోపలికి వెళ్లడం, తాడు కోసేయడం వద్దు. కుక్క మీద జాలితో చేసినా కేసు మీ మీదే పడుతుంది. ఫిర్యాదులో హింస అని ఒక్క మాట రాసి వదలకుండా, మీరు చదివిన సెక్షన్ నంబరు, గొలుసు సుమారు పొడవు, నీళ్లు నీడ ఉన్నాయో లేవో రాయండి. ఫిర్యాదు నంబరు తీసుకుని, వారంలో కదలిక లేకపోతే అదే నంబరుతో పై అధికారికి మళ్లీ రాయండి. ఎండదెబ్బతో వగరుస్తూ పడిపోతున్న కుక్కనైతే వారం ఆగొద్దు, వెంటనే పోలీసులకో స్థానిక జంతు సంరక్షణ విభాగానికో ఫోన్ చేయండి.